కొయ్య స్తంభాన్ని కాపాడటమంటే ఏమిటి? హైస్లా ఆదివాసుల అనుభవం



ఆరుబయట నిలబెట్టిన చెక్కుడు కొయ్యకి వానా ఎండా రెండూ శత్రువులే. తడిసి ఉబ్బుతుంది, ఎండి పగులుతుంది. మట్టిలో పాతిన మొదలు ముందుగా పుచ్చిపోతుంది. మరి అలాంటి దాన్ని ఎలా కాపాడాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? కెనడా పడమటి తీరంలోని హైస్లా ఆదివాసుల కథ మనం తెలుసుకోవాల్సింది ఇందుకే.

1872లో గిప్స్‌గోలాక్స్ అనే హైస్లా పెద్ద, రోగానికి పోగొట్టుకున్న తనవాళ్ల గుర్తుగా కిట్లోప్ లోయలో 9 మీటర్ల స్తంభం చెక్కించాడు. 1929లో దాన్ని మొదలు దగ్గర నరికి స్వీడన్ తీసుకుపోయారు. అక్కడి అధికారి అడిగాడు, కెనడా ప్రభుత్వ అధికారులు సరేనన్నారు. అసలు హక్కుదారులైన హైస్లా వాళ్లు మాత్రం మేం ఒప్పుకోలేదనే చెబుతూ వచ్చారు.

స్తంభం స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉందని తెలిశాక, 1991లో హైస్లా ప్రతినిధులు వెళ్లి తిరిగి ఇమ్మన్నారు. బదులుగా కొత్తది చెక్కి ఇస్తామన్నారు. మ్యూజియం వాళ్లు ఇంకో మాట కూడా అన్నారు: పాతదాన్ని గాలి, తేమ అదుపులో ఉండే భవనంలో పెట్టాలని. వాళ్ల భయంలో అర్థం ఉంది. ఇన్నేళ్లు నీడలో ఉండబట్టే ఆ కొయ్య మిగిలింది. కానీ హైస్లా సంప్రదాయంలో స్తంభం కూలితే మట్టిలో కలవాలి, దాని చోట కొత్తది లేవాలి.

హైస్లా శిల్పులు ఒకటి కాదు, రెండు స్తంభాలు చెక్కారు. ఒకటి కిట్లోప్‌లో నిలబెట్టారు, రెండోది స్టాక్‌హోమ్‌కి ఇచ్చారు. 2006లో, 77 ఏళ్ల తర్వాత, పాత స్తంభం సొంత జనం దగ్గరికి చేరింది.

మాకు ఇందులో పెద్ద విషయంగా తోచింది ఆ కొత్త స్తంభాలే. మందులు పూసి, పగుళ్లు పూడ్చి కొయ్యని ఇంకొన్నాళ్లు నిలపొచ్చు. చెక్కే పని, దాని వెనకున్న కథ మాత్రం మళ్లీ చెక్కితేనే తర్వాతి తరానికి అందుతాయి.

మనకీ ఇది దూరపు ముచ్చట కాదు. బస్తర్‌లో మాడియా గోండులు చనిపోయినవాళ్ల పేరిట చెక్కిన కొయ్య స్తంభాలు నిలబెట్టేవాళ్లు. మన ఊళ్లలో అలాంటి పాత కొయ్య ఏదైనా ఉంటే, రంగు డబ్బా తెచ్చే ముందు, ఎవరికో అప్పజెప్పే ముందు, పెద్దోళ్లని అడుగుదాం. ఏ చెట్టు, ఎవరు చెక్కారు, ఏ బొమ్మకి ఏం అర్థం, పాడైతే ఏం చేయాలి? చెప్పింది రాసి పెడదాం. చెక్కడం తెలిసినవాళ్లు ఇంకా ఉంటే, పక్కన కూర్చుని నేర్చుకుందాం.

జై ఆదివాసీ!