ద్రాక్షతోటకు చలి చూడాలా, వాన చూడాలా?



అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టి తిరుమల చేరేసరికి గాలి చల్లబడుతుంది. ప్రతి వేయి అడుగుల ఎత్తుకూ ఇంచుమించు 2 సెంటిగ్రేడు డిగ్రీల వేడి తగ్గడమే ఇందుకు కారణం. మదనపల్లె, పలమనేరు పడమటి సీమలు కూడా ఎత్తయినవే. అందుకని, 'చలిదేశాల ద్రాక్ష మా మిట్ట నేలల్లో ఎందుకు రాదండీ?' అని మీలో కొందరు అడుగుతూంటారు. దీనికి జవాబు ద్రాక్ష చరిత్రలోనే ఉన్నది.

ద్రాక్ష మనకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలాన, విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అక్కడి అంగడిలో ద్రాక్షపండ్లు చూశాడు. ఒక పణానికి దానిమ్మపండ్లు పది ఇస్తే, ద్రాక్షగుత్తులు మూడే ఇచ్చేవారట.

ఫ్రాన్సు వంటి చలిదేశాల్లో శీతకాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో మేలుకొని చిగురిస్తుంది. అక్కడి రైతు రకం ఎన్నుకునేటప్పుడు, మంచు పడకముందే పండుతుందా లేదా అని చూస్తాడు. మన తీగకు ఆ నిద్ర లేదు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. కొంచెం చల్లగాలి తగిలినంత మాత్రాన ఇది మారదు. అందుచేత దక్షిణాదిన శీతకాలం చేసే పని కత్తెర చేయవలసి వచ్చింది. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరులో రెండవది కాయ కోసం.

ఈ పద్ధతి మీదనే హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహీ, అనగా రాచద్రాక్ష, పేరు తెచ్చుకున్నది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దాన్ని అక్కడికి తెచ్చాడంటారు. 1950, 60 దశకాల్లో దాని పందిళ్లు బాగా విస్తరించాయి. అక్టోబరు కత్తిరింపు నాటికి అక్కడ వానలు వెనుకపట్టు పడతాయి గనుక పూత పొడిగాలిలో వచ్చేది. నగరం పెరిగి ఆ తోటలు చాలావరకు పోయినా, వాటి పాఠం మిగిలింది.

మన వైపు సంగతి వేరు. అక్టోబరులో కత్తిరిస్తే, నలభై రోజులకు, సరిగ్గా పూతవేళకు, ఈశాన్య ఋతుపవనం వాన తెస్తుంది. తడిసిన లేత ఆకుకు బూజు తెగులు పడుతుంది. అనాబ్-ఎ-షాహీ దీనికి ఇట్టే లొంగిపోతుంది. బెంగుళూరు నీలం ద్రాక్ష పక్షికన్ను తెగులును తట్టుకుంటుంది గాని, బూజు తెగులు దానికీ తప్పదు.

ఈ బూజు 1878లో అమెరికా నుంచి వచ్చి ఫ్రాన్సు తోటలను పాడుచేసింది. బోర్డో సీమలో దొంగల భయంతో బాట పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం చల్లేవారు. ఆ తీగలే ఆకు నిలుపుకొన్నాయని మియార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో ఆ మందును లోకానికి ప్రకటించాడు. మన బోర్డో మిశ్రమం అదే: 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు. ఇనుప పాత్రలో కలపరాదు. కలిపిన నాడే వాడాలి.

కాబట్టి తీగ తెచ్చేముందు మీ ఊరి నవంబరు వాన లెక్క చూడండి. నీరు నిలవని నేలలో మూడడుగుల గోతులు తీసి, మొదట పది తీగలే నాటండి. బెంగుళూరు నీలాన్ని పొట్టిగా కత్తిరించవచ్చు. గింజలేని థాంప్సన్ రకానికి కాయమొగ్గలు కొమ్మ పైభాగాన ఉంటాయి గనుక పొడవుగా ఉంచాలి. పూతవేళ వానకు ఏ రకం నిలిచిందో రెండు పంటలు చూసి, ఆ తర్వాతే పెద్ద పందిరికి డబ్బు తీయండి.