ఎవరెట్, ఎడ్వర్డ్ (1794–1865)

అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన గ్రీకు భాషాచార్యుడు, వక్త, రాజనీతిజ్ఞుడు. మాసచూసెట్స్ రాష్ట్రములోని డార్చెస్టరున 1794 ఏప్రిల్ 11న జన్మించి, పదునేడవ యేట హార్వర్డు కళాశాలలో ప్రథముడుగా పట్టము పొంది, ఇరువది యేండ్లు నిండకమునుపే బాస్టనులోని బ్రాటిల్ వీథి చర్చికి మతాచార్యుడయ్యెను.

బాస్టను వర్తకుడగు శామ్యూల్ ఎలియట్ ఇచ్చిన ధనముతో హార్వర్డున నెలకొన్న గ్రీకు సాహిత్య పీఠమునకు 1815లో ఆయన ప్రథమాచార్యుడుగా నియుక్తుడయ్యెను. అచ్చట గ్రీకు చదువనగా అప్పటికి పాఠమును వల్లించి గురువునకు అప్పగించుటయే. నూతనాచార్యునకు లోతైన పాండిత్యము అలవడవలెనని కళాశాలవారు జీతమిచ్చుచునే ఆయనను ఐరోపాకు పంపిరి. ఎవరెట్ మిత్రుడగు జార్జి టిక్నరుతో కూడి గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చేరి, డిస్సెన్ పండితుని యొద్ద గ్రీకు నభ్యసించి, 1817లో అచ్చట డాక్టరు పట్టము నందిన తొలి అమెరికనుడయ్యెను. పిమ్మట పారిసులో కొరాయీస్ అను గ్రీకు విద్వాంసుని దర్శించి, తురుష్కుల యేలుబడిలోనున్న గ్రీసు దేశమున సంచరించి, కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులను కొని, 1819లో స్వదేశము చేరెను.

పీఠమునం దాయన పనిచేసినది కొలది యేండ్లే యైనను అది ఫలవంతమైన కాలము. బుట్‌మన్ రచించిన గ్రీకు వ్యాకరణమును 1822లో ఆంగ్లీకరించెను. ఆయన గంభీర వాగ్ధోరణికి ముగ్ధులైన శిష్యులలో ఎమర్సన్ ఒకడు. నార్త్ అమెరికన్ రివ్యూ పత్రికకు సంపాదకుడై, 1823లో గ్రీకుల స్వాతంత్ర్య సమరమును సమర్థించుచు వ్రాసెను. బాలురచే పాఠములు వల్లింపజేయుట మాత్ర మాయనకు రుచింపలేదు.

1825 మొదలుకొని కాంగ్రెసు సభ్యుడు, మాసచూసెట్స్ గవర్నరు, బ్రిటనులో రాయబారి, హార్వర్డు అధ్యక్షుడు, విదేశాంగ కార్యదర్శి, సెనేటరు పదవులను నిర్వహించెను.

1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో శ్మశానవాటికను అంకిత మొనర్చిన సభలో ప్రధానోపన్యాసకుడు ఎవరెట్టే. ఆయన సంసిద్ధుడగుటకు వ్యవధి కోరగా, అక్టోబరులో జరుగవలసిన సభను నిర్వాహకులు వాయిదా వేసిరి. రణమున మడిసిన వీరుల కెథెన్సు పౌరులు జరిపిన అంత్యక్రియలను వర్ణించుచు ఉపన్యాసము నారంభించి, మారథాన్ రణరంగమును స్మరించి, రెండు గంటలసేపు ప్రసంగించెను. తరువాత లింకన్ పలికిన నాలుగు మాటలే లోకప్రసిద్ధము లయ్యెను. ఆ మరునాడే ఎవరెట్ లింకనును శ్లాఘించుచు లేఖ వ్రాయుట ఆయన సౌజన్యమునకు తార్కాణము.

1865 జనవరి 15న బాస్టనులో మరణించెను. ఎలియట్ పీఠమును ఎవరెట్ అనంతరము పాప్‌కిన్, 1834 నుండి ఫెల్టన్ అలంకరించిరి.