మోంతాయు: విచారణ పత్రాలలో ఒక పల్లె

సామాన్య రైతుల చరిత్ర రాయదలచినవారికి ఎదురయ్యే తొలి చిక్కు ఆధారాల లేమి. దానాలు, విజయాలు, వంశావళులు రాతకెక్కుతాయి. పొలం దున్నినవాని మాట ఎక్కదు. ఇందుకు అరుదైన మినహాయింపు దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంతాయు. ఆ పల్లె మాట మనకు దక్కిన తీరును, దానిని ఎంతవరకు నమ్మవచ్చుననే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పిరెనీస్ పర్వతాలలో సుమారు 1300 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో 14వ శతాబ్ది ఆరంభంలో రెండు వందల పైచిలుకు జనం ఉండేవారని అంచనా. ధాన్యం పండించడం, గొర్రెలను మేపడం వారి జీవనాధారం. కథోలిక చర్చి నిషేధించిన కాథార్ మతాన్ని వారిలో పలువురు ఆదరించారు. 1308లో కార్కసోన్ మతవిచారణాధికారి ఊరివారిని మూకుమ్మడిగా నిర్బంధింపజేశాడు. 1318-1325 మధ్య పామియే బిషప్ జాక్ ఫూర్నియే మళ్లీ విచారణ సాగించాడు. ఇతడే 1334లో పన్నెండవ బెనెడిక్ట్ పేరిట పోపు అయ్యాడు. అతని విచారణ గ్రంథం నేటికీ వాటికన్ గ్రంథాలయంలో ఉంది. దాని లాటిన్ పాఠాన్ని జాఁ దువెర్నువా 1965లో ప్రచురించాడు. ఎమ్మాన్యుయెల్ ల్రువా లదురీ 1975లో ఆ పత్రాల ఆధారంగా గ్రామ చరిత్రను వెలువరించాడు.

ఈ పత్రాలలో ఇల్లు కేవలం కట్టడం కాదు. కుటుంబం, ఆస్తి, అదృష్టం కలిసిన రూపం. ఇంటి పెద్ద మరణిస్తే ఆ ఇంటి కలిమి అతని వెంట పోకుండా వెంట్రుకలు, గోళ్లు కత్తిరించి దాచేవారు. స్త్రీలు ఎండలో కూర్చుని పేలు చూసుకుంటూ మతవిషయాలు మాట్లాడుకొనేవారు. గొర్రెపిల్లలపై బిషప్ వసూలు చేసే దశమభాగం మీద ఆగ్రహం పలుచోట్ల వ్యక్తమవుతుంది.

అయితే ఇవి స్వేచ్ఛగా చెప్పుకొన్న ముచ్చట్లు కావు. శిక్ష భయంతో ఆక్సితాన్ భాషలో పలికిన మాటలను లేఖకులు లాటిన్‌లోకి మార్చారు. లదురీ ఈ అధికార సందర్భాన్ని పక్కకు నెట్టాడని మానవశాస్త్రవేత్త రెనాటో రొసాల్డో 1986లో విమర్శించాడు. విమర్శ సబబే, కాని దానివల్ల ఆధారం మొత్తం త్యాజ్యం కాదు. ఎవరు ఏ మతబోధ విన్నారన్నది విచారణాధికారి రాబట్టదలచిన విషయం. అక్కడ భయం, పగ, బొంకు కలిసే అవకాశం ఎక్కువ. పేలు చూసుకోవడం వంటివి నేరనిరూపణకు అక్కరలేని వివరాలు. అవి మాటల మధ్య యాదృచ్ఛికంగా దొర్లినవి. కనుక నేరారోపణకు అవసరమైన మాటను, దాని చుట్టూ అల్లుకొన్న జీవితాన్ని వేరుచేసి చదవాలి. ఆ పల్లెను అణచడానికి రాసిన పత్రమే దాని జ్ఞాపకాన్ని నిలిపింది. ఈ వైరుధ్యాన్ని మరువకుండా చదివినప్పుడే మోంతాయు రైతులకు న్యాయం జరుగుతుంది.