టాల్‌స్టాయి క్షేత్రమున తండ్రి

జొహానెస్‌బర్గు నగరమునకు 21 మైళ్ల దూరమున, లాలీ యను చిన్న రైలుస్టేషనుకు సమీపమున, హెర్మన్ కాలెన్‌బాక్ అను వాస్తుశిల్పి కొనిన 1,100 ఎకరముల తోట, చెఱసాలలకేగిన సత్యాగ్రహుల కుటుంబములకు ఆశ్రయముగా 1910 మే నెలలో గాంధీగారి వశమయ్యెను. గుజరాతీలు, తమిళులు, ఉత్తరహిందూస్థానీయులు, వారితోపాటు మన ఆంధ్రులును అచ్చట కాపురముండిరి. వంట మొదలు పాకీపని వఱకు సేవకుడన్నవాడు లేడు. పెద్దలు తాము చేయని పనిని పిల్లలచే చేయింపరాదనునది అచ్చటి కట్టుబాటు. ఈ కట్టుబాటులోనుండియే, బిడ్డ త్రోవ తప్పినపుడు పెద్దవాడు మొదట తన్ను తాను పరీక్షించుకొను ఆచారమొకటి మెల్లగా పుట్టుకొనివచ్చెను.

గాంధీగారు ఆ పెద్దకుటుంబమునకు తండ్రిగా తన్ను భావించుకొని, మధ్యాహ్నభోజనానంతరము తామే పాఠములు చెప్పెడివారు. ఉదయమంతయు పొలములో శ్రమించిన శిష్యులకేగాక గురువుకును కునికిపాట్లు తప్పెడివి కావు. ఆ శిష్యులలో 17 ఏండ్ల దృఢకాయుడొకడు, అబద్ధములకును జగడములకును పేరుపడినవాడు, ఒకనాడు ఎంత నచ్చజెప్పినను వినక గురువునే వంచింపజూడగా, గాంధీగారు చేతికందిన రూళ్లకఱ్ఱతో వాని బాహువుపై ఒక్క దెబ్బ కొట్టిరి. కొట్టుచు వణికినవారు ఆయనయే. తిరుగబడవలెనన్న బలము వానికి గలదు. అయినను వాడు ఏడ్చి క్షమాపణ వేడెను, మఱి యెన్నడును ఆజ్ఞ మీఱలేదు. మఱియొక తండ్రి యైనచో దండోపాయము ఫలించెనని తృప్తిపడి ఊరకుండును. గాంధీగారో, సుమారు 15 ఏండ్లకు పిమ్మట ఆత్మకథ వ్రాయుచు, ఆనాడు తాను ప్రదర్శించినది తనలోని పశువునే యని పశ్చాత్తాపపడిరి.

అట్లని ఆత్మపరీక్ష ఎల్లవేళల న్యాయమునకే దారితీసెనని చెప్పజాలను. యువకుడొకడు ఇద్దరు బాలికలను పరిహసించెనని విని, రాత్రియంతయు నిద్రలేక యోచించి, తెల్లవాఱినంతనే ఆ బాలికలను ఒప్పించి వారి పొడుగైన కేశములనే ఆయన కత్తిరించివైచిరి. తప్పు ఎవరిది, జుట్టు ఎవరిది?

1913లో మఱొక పరీక్ష వచ్చెను. గాంధీగారి మఱియొక ఆశ్రమమగు ఫీనిక్సున నివసించు ఇద్దఱి నైతికపతనమును గూర్చిన వార్త జొహానెస్‌బర్గున చెవిబడగా, ఆయన రైలులో పోవుచునే, శిష్యుని దోషమున గురువుకును కొంత పాలు గలదని నిశ్చయించి, 7 దినముల ఉపవాసమును, నాలుగున్నర నెలల ఏకభుక్తమును పూనిరి. భార్య కస్తూరిబాయి ముందే హెచ్చరించియుండగా తాను లక్ష్యపెట్టలేదని ఆయనయే అంగీకరించుట, నా మట్టుకు, ఉపవాసముకంటెను పెద్ద ప్రాయశ్చిత్తము.

ఇంతటి తండ్రికి పెద్దకొడుకుతో పొసగలేదు. 1888లో జన్మించిన హరిలాలు తండ్రి ఉద్యమమున పలుమాఱులు చెఱకేగి ‘చిన్న గాంధీ’ యనిపించుకొనెను. కాని అతని మనసంతయు చదువుపై నుండెను. గాంధీగారి మిత్రులు ప్రాణజీవన మెహతాగారు ఇంగ్లండు చదువునకై చూపిన సహాయము తనకు గాక ఇతరులకు పోవుట అతని మనస్సున ముల్లై నాటుకొనగా, 1911 మేలో ఇల్లు విడిచి స్వదేశమునకు మఱలెను. కుమారుని దుర్గుణములు తన యౌవనమందలి అసంయమమునకు ప్రతిధ్వనులని గాంధీగారు తరువాత వ్రాసిరి. బడిచదువు పెట్టింపకపోవుటను గూర్చి కొంత నొచ్చుకొనియు, దానికి మూలమైన తన సిద్ధాంతమును మాత్రము విడువలేదు. కుమారుడు ఆరోపింపని దోషమును సంపూర్ణముగా నెత్తిన వేసికొని, ఆరోపించిన దోషమును సగమే ఒప్పుకొనిన తండ్రిని ఇందు చూచుచున్నాము. హరిలాలు కోరినది తండ్రి ప్రాయశ్చిత్తము కాదు, తనకొక పాఠశాల. భార్యాబిడ్డలు గలవాడై, 23 ఏండ్ల వయస్సున అతడు అహమదాబాదు చేరి, తనకంటె ఎంతో చిన్నవారైన బాలురతోపాటు మెట్రిక్యులేషనుకై చదువనారంభించి, ఆ పరీక్షలో తప్పెను.