బొమ్మ మీద వేలు పెడితే

1556లో బాసెల్ నగరంలోని ఫ్రోబెన్ అచ్చుకూటం నుంచి ఒక లావుపాటి లాటిన్ పుస్తకం వెలువడింది. పేరు 'డి రె మెటాలికా'. గని ఎలా తవ్వాలి, అందులో ఊరే నీటిని ఎలా తోడాలి, ఖనిజాన్ని ఎలా కరిగించాలి అని పూసగుచ్చినట్టు చెప్పే పుస్తకమది. రాసినాయన జార్జియస్ అగ్రికోలా, వృత్తిరీత్యా వైద్యుడు. అచ్చయిన పుస్తకాన్ని ఆయన కళ్లారా చూసుకోలేదు. అంతకు ముందటేడే పోయాడు. రాత ఎప్పుడో పూర్తయినా చెక్క దిమ్మెల మీద బొమ్మలు చెక్కించడానికే ఏళ్లు పట్టింది.

ఆ బొమ్మలు చూసినవారెవరూ ఆలస్యాన్ని తప్పుపట్టరు. గని బావి, నీళ్లు తోడే యంత్రం, దాని చక్రాలు, ఇరుసులు, పనిచేస్తున్న కూలీలు. ఒక్కో భాగం పక్కన ఏ, బీ, సీ అంటూ ఒక్కో అక్షరం. ఏ అక్షరం దేనికి గుర్తో చెప్పే జాబితా అదే పేజీలో ఉంటుంది. మన సైన్సు పరీక్షల్లో 'పటం గీసి భాగాలు గుర్తించండి' అనే ప్రశ్న వస్తుందే, ఆ లెక్కన అగ్రికోలాకు నూటికి నూరు వేయాలి. పాఠకుడి వేలు బొమ్మలో చక్రం దగ్గర ఆగుతుంది, కన్ను అక్షరాన్ని పట్టుకుని జాబితాలోకి దిగుతుంది. కంప్యూటర్ మాన్యువల్‌లో బొమ్మ మీద క్లిక్ చేస్తే వివరం తెరుచుకునే ఏర్పాటుకు ముత్తాత ఇదే అంటే అతిశయోక్తి కాదు.

అగ్రికోలా బొమ్మల్లో గమనించాల్సింది మరొకటుంది. అక్షరం కూడా బొమ్మతో పాటు అదే దిమ్మెలో భాగం. పుస్తకం ఎన్నిసార్లు అచ్చువేసినా, పేజీ పెద్దదైనా చిన్నదైనా, అక్షరం తన భాగాన్ని వదిలిపోదు. కంప్యూటర్లు వచ్చాక పోయింది సరిగ్గా ఈ బంధమే.

1987 ఆగస్టులో ఆపిల్ సంస్థ హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. బిల్ అట్కిన్సన్ తయారుచేసిన దీన్ని మెకింతోష్ కొన్నవారికి ఉచితంగా ఇచ్చారు. ఇందులో బొమ్మ గీసి, దాని మీద కంటికి కనిపించని బటన్ పరచవచ్చు. తలుపు బొమ్మ మీద పరిస్తే, తలుపును నొక్కగానే లోపలి గది వస్తుంది. 1993లో కంప్యూటర్ గేముల లోకాన్ని ఊపేసిన 'మిస్ట్'ను కట్టింది దీని మీదే. విండోస్ కోసం హెల్ప్ ఫైళ్లు రాసేవారికి మైక్రోసాఫ్ట్ 'హాట్‌స్పాట్ ఎడిటర్' ఇచ్చింది. తెర బొమ్మను అందులో తెరిచి, ప్రింట్ బటన్ చుట్టూ మౌస్‌తో ఒక డబ్బా గీసి, ఈ డబ్బా నొక్కితే ఫలానా పేజీ తెరవాలని రాయడమే. మాన్యువల్ రాసేవారి నోట 'హాట్‌స్పాట్' అన్న మాట అలా స్థిరపడింది.

రెండింటిలోనూ జరిగింది ఒకటే. గోడ మీది పటానికి ముందు గాజు పలక పెట్టి, గాజు మీద గీతలు గీశారు. కింద పటం జరిగినా గీతలు జరగవు. చక్రం ఎక్కడుందో గీతలకు తెలియదు.

వెబ్‌కు ఈ ఆలోచన 1993లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ బ్రౌజర్ తయారుచేస్తున్న మార్క్ ఆండ్రీసన్ పేజీలో అక్షరాల మధ్య బొమ్మ పెట్టే ట్యాగు ప్రతిపాదించాడు. బొమ్మ వచ్చిన కొద్ది నెలలకే దాని మీద నొక్కాలన్న కోరికా పుట్టింది. హవాయిలోని హోనలులు కమ్యూనిటీ కాలేజీలో పనిచేస్తున్న కెవిన్ హ్యూస్ అదే ఏడాది ఇందుకొక చిన్న ప్రోగ్రాము రాశాడు. మొజాయిక్ పుట్టిన కేంద్రమైన ఎన్‌సీఎస్‌ఏ వారి సర్వర్‌తో పాటు ఊరూరా చేరిన ఇమేజ్‌మ్యాప్ ప్రోగ్రాముకు పునాది అదే.

అది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. మీరు బొమ్మ మీద ఎక్కడో నొక్కుతారు. బ్రౌజర్‌కు ఏమీ అర్థం కాదు. ఎడమ అంచు నుంచి ఇన్ని చుక్కలు, పై అంచు నుంచి ఇన్ని చుక్కలు అని రెండంకెలు మాత్రం సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ దగ్గరున్న ఫైలులో దీర్ఘచతురస్రాలు, వృత్తాలు, బహుభుజుల లెక్కలుంటాయి. వృత్తమైతే కేంద్రం నుంచి దూరం చూస్తే చాలు. చిక్కంతా బహుభుజితోనే. కోస్తాలాంటి వంకర హద్దు లోపల ఈ చుక్క ఉందా, బయట ఉందా? దానికో పాత ఉపాయముంది. చుక్క నుంచి ఒక పక్కకు తిన్నగా గీత గీసుకుంటూ పోవాలి. హద్దును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టాలి. బేసి సంఖ్య వస్తే చుక్క లోపలుంది, సరి సంఖ్య వస్తే బయట. ఎంత మెలికలు తిరిగిన ఆకారమైనా ఈ లెక్క తప్పదు.

లెక్క బాగానే ఉంది కానీ వాడేవారికి నరకం. ప్రతి నొక్కుకూ ఫోను లైను మీద సర్వర్ దాకా పోయి రావాలి. లింకు మీద మౌస్ పెడితే ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పాల్సిన చోట రెండంకెలు కనబడేవి. సీడీలో ఇచ్చే మాన్యువల్‌కైతే ఇది బొత్తిగా పనికిరాదు, అక్కడ సర్వరే లేదు కదా! దాంతో లెక్కల పట్టికను పేజీలోనే పెట్టేద్దామన్నారు. స్పైగ్లాస్ సంస్థకు చెందిన జేమ్స్ సీడ్‌మన్ ప్రతిపాదన 1996 ఆగస్టులో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో 'ఆర్‌ఎఫ్‌సీ 1980'గా వెలువడింది. అప్పటికే నెట్‌స్కేప్ బ్రౌజర్ దాన్ని అమల్లో పెట్టేసింది. 1997 జనవరిలో వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలోకీ ఎక్కింది. పట్టికకు మ్యాప్, ఒక్కో హద్దుకు ఏరియా అనే ట్యాగులు ఇప్పటికీ అవే.

పట్టిక చోటు మారింది తప్ప గాజు పలక తొలగలేదు. మాన్యువల్ రాసే మనిషి బొమ్మను పెయింట్‌లో తెరిచి, బటన్ మూల మీద మౌస్ ఆనించి, కింద కనబడే అంకెలు చూసి రాసుకోవాలి. దీర్ఘచతురస్రానికి నాలుగంకెలు, వృత్తానికి మూడు, బహుభుజికి మూలకు రెండేసి. అన్నీ రాసి ఊపిరి పీల్చుకునేసరికి ఇంజినీరు కొత్త బొమ్మ పంపుతాడు.

ఆ అంకెలు కంటిచూపు లేనివారికి ఏం చెబుతాయి? ఈ ప్రశ్న ఆస్ట్రేలియాలో మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. బ్రూస్ మాగ్వైర్‌కు పుట్టుకతోనే చూపు లేదు. బ్రెయిలీ తెర సాయంతో కంప్యూటర్ వాడతాడు. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటులో బొమ్మలకు, ఇమేజ్ మ్యాప్ లింకులకు అక్షరాల్లో పేర్లు పెట్టలేదన్నది ఆయన ఫిర్యాదుల్లో మొదటిది. 2000 ఆగస్టులో కమిషన్ ఆయన పక్షాన తీర్పు చెప్పింది. నిర్వాహకులు పూర్తిగా సరిదిద్దకపోవడంతో ఆ ఏడాది నవంబరులో 20,000 ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించమంది. హద్దు గీస్తే చాలదు, హద్దుకు పేరుండాలని తేల్చిన కేసుగా దీన్ని వెబ్ నిపుణులు ఈనాటికీ ఉదహరిస్తారు. ప్రతి ఏరియాకూ పేరు రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యానికి బద్ధకించేవారు ఇప్పటికీ ఉన్నారు.

సాంకేతిక పత్రాల లోకం హద్దుల సంగతిలో వెబ్ కంటే కాస్త ముందుచూపు చూపింది. 1991లో యూనిక్స్ మాన్యువల్స్ కోసం పుట్టిన డాక్‌బుక్‌లో బొమ్మ మీది హద్దును చెప్పే ఒక పద్ధతి, అమెరికా రక్షణశాఖ పత్రాల ప్రమాణమైన కాల్స్ నుంచి తెచ్చుకున్నది. బొమ్మ ఎంత పెద్దదైనా సరే, వెడల్పు 10,000 భాగాలు, ఎత్తు 10,000 భాగాలు. లెక్క కింది ఎడమ మూల నుంచి మొదలు. బొమ్మను కుదిస్తే హద్దులూ దానితో పాటే చిన్నవవుతాయి. హెచ్‌టీఎంఎల్ మాత్రం పై ఎడమ మూల నుంచి పిక్సెళ్లే లెక్కిస్తుంది. సాంకేతిక పత్రాల కోసమే 2005లో వచ్చిన డీటా ప్రమాణం కూడా, నా దృష్టిలో పొరపాటుగా, హెచ్‌టీఎంఎల్ దారే పట్టింది. కంప్యూటర్ తెరకు సరిపోయిన బొమ్మను ఫోనులో సగానికి కుదిస్తే అంకెలు మాత్రం తగ్గవు. 'సేవ్' నొక్కితే 'డిలీట్' గురించి వివరం వస్తుంది. దీన్ని సరిచేయడానికి జావాస్క్రిప్ట్ ముక్క జోడించుకోవడం మామూలైపోయింది.

అగ్రికోలా పద్ధతికి తిరిగొచ్చింది విమానాలవాళ్లు. 1999లో వచ్చిన వెబ్‌సీజీఎం ప్రమాణంలో బొమ్మంటే చుక్కల కుప్ప కాదు. బోల్టు, వాషరు, గొట్టం వేటికవే వస్తువులు. ప్రతిదానికీ గుర్తింపు బొమ్మ ఫైలులోనే ఉంటుంది. విమాన విడిభాగాల పుస్తకంలో వాషరును నొక్కితే జాబితాలో దాని వరుస వెలుగుతుంది, వరుసను నొక్కితే బొమ్మలో వాషరు వెలుగుతుంది. పెద్దది చేసినా, పక్కకు జరిపినా లింకు వాషరును వదలదు. 2001లో ప్రమాణమైన ఎస్‌వీజీ ఇదే వెసులుబాటును క్రమంగా మామూలు బ్రౌజర్లకు తెచ్చింది.

యంత్రాల బొమ్మలకైతే ఈ పద్ధతి దివ్యంగా కుదిరింది. సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్‌లో వాడేవి మాత్రం చాలావరకు స్క్రీన్‌షాట్లే. వాటిలో బటన్ ఉండదు, బటన్ రంగు చుక్కలుంటాయి. అందుకే ఆ మాన్యువల్స్ రాసేవారు కొత్త వెర్షన్ విడుదలైనప్పుడల్లా తెరలన్నీ మళ్లీ తీసి, బటన్ మూల మీద మౌస్ ఆనించి, నాలుగేసి అంకెలు మళ్లీ రాసుకుంటున్నారు.