లింకన్ కాంటినెంటల్: 60 ఏళ్ల నాటి అమెరికన్ లగ్జరీ కారు.. కొనడం ఒక ఎత్తు, మెయింటైన్ చేయడం మరో ఎత్తు! ముందు చూడాల్సినవి ఇవే

పొడవాటి బాడీ, తళతళలాడే క్రోమ్, పుస్తకం తెరిచినట్టు ఎదురెదురుగా తెరుచుకునే తలుపులు.. 1960ల నాటి లింకన్ కాంటినెంటల్ రోడ్డు మీదకొస్తే చూపు తిప్పుకోవడం కష్టమే. పాత కార్ల వీడియోల్లో ఈ మోడల్ తరచూ కనిపిస్తుంది. షెడ్డులో దుమ్ము పట్టిన కారు.. వీడియో చివరికొచ్చేసరికి కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతుంది. అయితే ఆ వీడియోల్లో కనిపించని పనే ఎక్కువ. ఏనుగును కొన్నాక మేతకయ్యే ఖర్చు తెలిసినట్టు, ఈ కారు అసలు సంగతి ఇంటికి తెచ్చుకున్నాకే తెలుస్తుంది. ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఏది ముందు, ఏది తర్వాత? వివరాలు చూద్దాం.

అసలు ఏంటీ కారు?

ఫోర్డ్ కంపెనీ లగ్జరీ బ్రాండ్ లింకన్. 1961లో వచ్చిన కాంటినెంటల్‌కు ఎల్వుడ్ ఎంగెల్ నేతృత్వంలో డిజైన్ చేశారు. నిజానికి ఇది మొదట ఫోర్డ్ థండర్‌బర్డ్ కోసం గీసిన డిజైన్. మిషిగాన్ రాష్ట్రంలోని విక్సమ్ ప్లాంట్‌లో కార్లు తయారయ్యేవి. అప్పట్లో మిగతా అమెరికన్ కార్లు తోకలు, రెక్కలతో హడావిడి చేస్తుంటే.. ఇది మాత్రం సాదా గీతలతో హుందాగా వచ్చింది.

తొలి మోడల్‌లో 430 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్ ఉండేది. అంటే సుమారు 7 లీటర్లు, 300 హార్స్‌పవర్. 1966లో అది 462 క్యూబిక్ అంగుళాలకు పెరిగింది. నాలుగు తలుపుల కన్వర్టిబుల్, అంటే టాప్ మడిచేసే మోడల్, 1967తో ఆగిపోయింది. ఆ ఏడాది తయారైనవి 2,276 మాత్రమే. అందుకే వీటికి అంత క్రేజ్.

అన్ని మోడళ్లూ ఒకటి కాదు

కొనేవాళ్లు మొదట పట్టించుకోవాల్సింది ఏ సంవత్సరం మోడల్ అన్నదే. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ లోపల తేడాలు చాలా. 1961 నుంచి 1963 వరకు వీల్‌బేస్ 123 అంగుళాలు. 1964లో దాన్ని 126 అంగుళాలు చేశారు. తొలి మోడళ్లలో పక్క అద్దాలు వంపు తిరిగి ఉంటే, 1964 నుంచి చదునైన అద్దాలు వచ్చాయి. అంటే 1963 కారు అద్దం పగిలితే 1965 కారు నుంచి తీసి బిగించడం కుదరదు. 1965లో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు స్టాండర్డ్‌గా ఇచ్చారు. స్పేర్ పార్ట్స్ వెతికేటప్పుడు ఈ తేడాలు తెలియకపోతే డబ్బు, టైమ్ రెండూ వేస్ట్.

తుప్పు.. మొదటి శత్రువు

కాంటినెంటల్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీ, ఫ్రేమ్ కలిపి ఒకే నిర్మాణం. దీంతో ఫ్లోర్ కిందో, తలుపుల కిందున్న పట్టీల్లోనో తుప్పు పడితే అది అందానికి సంబంధించిన సమస్య కాదు. కారు బలమే పోయినట్టు. కన్వర్టిబుల్‌కైతే పైన రూఫ్ ఆధారం కూడా లేదు. మొత్తం భారం కింది భాగమే మోయాలి.

కొత్తగా పెయింట్ వేసిన కారు చూసి మోసపోయేది ఇక్కడే. పైన పటారం.. లోన లొటారం! అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్లపై ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన కారుకు కింద నుంచి తుప్పు తినేస్తుంది. అదే అరిజోనా లాంటి పొడి ప్రాంతాల కార్లకు ఎండకు సీట్లు, డాష్‌బోర్డు పగిలినా ఇనుము గట్టిగా ఉండే అవకాశాలు ఎక్కువ.

చెక్ చేయడానికి చిన్న కిటుకులున్నాయి. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడాలి. డిక్కీ మూలల్లో చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడాలి. బాడీ మీద అక్కడక్కడా అయస్కాంతం పెట్టి చూడాలి. అది అంటుకోలేదంటే పెయింట్ కింద పుట్టీ దట్టంగా పూశారని అర్థం. తలుపులన్నీ తెరిచి మూయాలి. వెనక తలుపు ఒక్కటే బిగుసుకుంటోందంటే బాడీ మధ్యలో కుంగిందేమో అనుమానించాలి. వీలైతే కారును లిఫ్ట్ ఎక్కించి చూశాకే బేరం మాట్లాడాలి.

స్టార్ట్ అవడం కాదు.. ఆగడం ముఖ్యం

ఏళ్ల తరబడి కదలని కారు దొరికితే అందరూ చేసే మొదటి పని తాళం తిప్పి స్టార్ట్ చేయడం. అదే పెద్ద పొరపాటు. ట్యాంక్‌లో పాత పెట్రోల్ జిగురులా మారి ఉంటుంది. ముందు దాన్ని తీసేయాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త ఆయిల్ వేయాలి. ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చి, కొత్త పెట్రోల్ పోశాకే స్టార్టర్ జోలికి వెళ్లాలి.

ఇంజిన్ పలికింది కదా అని రోడ్డెక్కితే ఇంకా ప్రమాదం. కన్వర్టిబుల్ బరువు రెండు టన్నులకు పైమాటే. తొలి మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పైగా మాస్టర్ సిలిండర్ ఒకే సర్క్యూట్‌ది. అంటే ఎక్కడో ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుకే అనుభవం ఉన్న మెకానిక్‌లు బ్రేక్ పైపులు, హోస్‌లు, వీల్ సిలిండర్లు మొత్తం మార్చేస్తారు. చాలామంది రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ కూడా బిగిస్తారు. అప్పుడు ఒకటి ఫెయిలైనా రెండోది కారును ఆపుతుంది.

మరో జాగ్రత్త. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదేయడం అస్సలు పనికిరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సర్ ముప్పు ఉంది. తడిపి తుడవాలి.

టైర్ల గీతలు బాగున్నాయని సంబరపడొద్దు. టైర్ పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడాలి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2000వ సంవత్సరం నుంచి ఈ పద్ధతి ఉంది. 3 అంకెలే ఉంటే అవి అంతకు ముందువి, నేరుగా తీసి పారేయాల్సినవే. సీట్ బెల్టుల సంగతీ అంతే. అమెరికాలో కొత్త కార్లన్నింటికీ బెల్టులు తప్పనిసరి అయింది 1968లోనే. తొలి మోడళ్లలో లేకపోతే బిగించుకోవడమే మంచిది.

టాప్ మడిచే మెకానిజం.. ఇక్కడే అసలు పరీక్ష

కన్వర్టిబుల్‌లో ఒక్క స్విచ్ నొక్కితే జరిగే తతంగం చూడాల్సిందే. ముందు డిక్కీ మూత లాక్ విడిపోతుంది. మూత వెనక వైపు కీలు మీద పైకి లేస్తుంది. ముందు అద్దం దగ్గర టాప్ లాక్ ఊడుతుంది. టాప్ మొత్తం మడుచుకుని డిక్కీలోకి దిగుతుంది. మళ్లీ మూత మూసుకుని లాక్ పడుతుంది. చెయ్యి పెట్టే పనే లేదు. కానీ టాప్ దించాక డిక్కీలో సామాన్లకు చోటు దాదాపు ఉండదు.

ఇదంతా కంప్యూటర్ లేని రోజుల్లో చేశారు. ఎలక్ట్రిక్ మోటార్లు, హైడ్రాలిక్ సిలిండర్లు, రిలేలు, లిమిట్ స్విచ్‌లే మొత్తం నడిపిస్తాయి. ఒక దశ పూర్తయిందని స్విచ్ చెబితేనే రిలే తర్వాతి దశకు కరెంట్ పంపుతుంది. గొలుసులో ఒక్క లంకె జారినా టాప్ సగంలో ఆగిపోతుంది. వాన మొదలైతే ఇక అంతే సంగతులు!

అలా ఆగినప్పుడు బలవంతంగా లాగితే మెటల్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ ఫుల్‌గా ఉందో లేదో చూడాలి. తర్వాత ఏ దశ దగ్గర ఆగిందో గుర్తించాలి. ఆ దశకు సంబంధించిన స్విచ్, ఎర్త్ వైరు శుభ్రం చేసి చూడాలి. పంపు పాడైందని వేలకు వేలు పోసి కొత్తది తెచ్చాక, తప్పంతా తుప్పు పట్టిన చిన్న స్విచ్‌దని తేలితే తల పట్టుకోవాల్సిందే. అందుకే ఆ ఏడాది ఫ్యాక్టరీ షాప్ మాన్యువల్, వైరింగ్ డయాగ్రమ్ దగ్గర లేకుండా ఈ పనికి దిగొద్దు.

వైపర్లకూ ఆయిలే.. తలుపు లాక్‌లకు గాలి

ఈ కారులో మరో విచిత్రం వైపర్లు. చాలా కార్లలో వాటికి ఎలక్ట్రిక్ మోటార్ ఉంటుంది. ఇందులో మాత్రం పవర్ స్టీరింగ్ పంపు నుంచి వచ్చే ఆయిల్ ప్రెజర్‌తో తిరుగుతాయి. వైపర్ పని చేయట్లేదంటే స్టీరింగ్ ఆయిల్ లీకయిందేమో చూడాలన్నమాట! పవర్ డోర్ లాక్‌లు ఇంజిన్ నుంచి వచ్చే వాక్యూమ్‌తో పని చేస్తాయి. రబ్బరు గొట్టాలు ఎండి పగిలితే లాక్ పడదు. పైగా ఆ లీకు వల్ల ఇంజిన్ ఐడిలింగ్ కూడా దెబ్బతింటుంది.

ఏసీ ఉన్న కారైతే అప్పట్లో వాడింది ఆర్-12 గ్యాస్. ఓజోన్ పొరకు ముప్పు కావడంతో అమెరికాలో దాని తయారీ 1995 చివరితో ఆపేశారు. చాలామంది సిస్టమ్‌ను ఆర్-134ఏ గ్యాస్‌కు మార్పించుకుంటున్నారు.

రెగ్యులర్ మెయింటెనెన్స్ ఇలా..

* కారును నెలకు ఒకట్రెండు సార్లయినా ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపాలి. నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో తేమ చేరి తుప్పు పడుతుంది.
* ఇంజిన్ ఆయిల్‌లో జింక్ పాళ్లు చూసి కొనాలి. కొత్త కార్ల ఆయిల్స్‌లో అది తక్కువ. పాత ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ అరగకుండా కాపాడేది అదే.
* ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. ఇథనాల్‌కు పనికొచ్చే పైపులు వేయించాలి.
* బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి.
* 60 ఏళ్ల నాటి వైర్ల తొడుగు ఎండి పగిలిపోతుంది. కారులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పనిసరి.
* పెయింట్, క్రోమ్, సీట్లు చివరి పని. క్రోమ్ అంటే రాగి, నికెల్ పూతల మీద వేసే పొర. ఖర్చు ఎక్కువ. ముందే చేయించుకుంటే రిపేర్లలో గీతలు పడతాయి.

కెన్నెడీ కారు చెప్పే పాఠం

పాత కారును పూర్తిగా కొత్తగా మార్చాలా? ఉన్నది ఉన్నట్టు కాపాడాలా? దీనిపై కార్ల ప్రియుల్లో ఎప్పుడూ చర్చ ఉంటుంది. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెన్నెడీ హత్యకు గురైనప్పుడు ఆయన ఉన్నది 1961 లింకన్ కాంటినెంటల్‌లోనే. ఆ కారును పక్కన పెట్టేయలేదు. కవచం, శాశ్వత రూఫ్ బిగించి తిరిగి వాడారు. 1977 వరకు అది అధ్యక్షుల సేవలోనే ఉంది. ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. చూడటానికి వెళ్లినవాళ్లకు కనిపించేది 1963 నాటి రూపం కాదు, మార్పుల తర్వాతి రూపం. ఒకసారి మార్చాక పాత రూపం తిరిగి రాదు. అందుకే విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, లేబుల్ వేసి దాచాలి. బ్రేకుల్లాంటి ప్రాణాలకు సంబంధించిన చోట మార్పు చేసినా, తీసిన ఒరిజినల్ పార్ట్ పారేయొద్దు.

మన దగ్గరా ఇదే మాట వర్తిస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలను 'వీఏ' సిరీస్ నంబర్‌తో వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20 వేలు, పదేళ్ల తర్వాత రెన్యువల్‌కు రూ.5 వేలు. కానీ ఒక షరతు ఉంది. వాహనం ఒరిజినల్ రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ తిరగడానికి, వ్యాపారానికి వాడకూడదు.

మొత్తంగా చెప్పాలంటే ఆర్డర్ ఇదే. ముందు తుప్పు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత ఇంజిన్, చివర్లో మెరుపు. ఈ వరుస తిరగబడిన చోటే సగం విప్పిన కార్లు షెడ్లలో ఏళ్ల తరబడి మూలుగుతుంటాయి.