రోగి చివరికి ఏమయ్యాడు? – వైద్యసేవల పరిశోధన నడిచిన దారి

నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్న రోజుల్లో నెలనెలా పై అధికారులకు నివేదికలు పంపేవాళ్ళం. ఓపీకి ఎందరు వచ్చారు, ఎన్ని మంచాలు నిండాయి, ఎన్ని ఆపరేషన్లు జరిగాయి అన్నవే అందులోని అంకెలు. ఒకనాడు సంతలో ఒక రైతు నన్ను పలకరించి, "డాక్టరుగారూ, మీరు చేసిన హెర్నియా ఆపరేషను ఆరు నెలలకే తిరగబెట్టింది. పట్నం పోయి మళ్ళీ చేయించుకున్నాను" అన్నాడు. మా రిజిస్టరులో అతని పేరుకు ఎదురుగా "నయమైంది" అని రాసినది నేనే. వైద్యసేవను కొలవడం ఎలా అన్న ప్రశ్న నన్ను ఆనాటి నుంచి వదలలేదు.

ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. క్రిమియా యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్, సైనికులు గాయాలకన్నా నివారించదగిన వ్యాధులతోనే అధికంగా మరణించారని 1858లో రేఖాచిత్రాలతో చూపింది. ఆమె లెక్కించినది మరణాలను.

బతికి ఇంటికి వెళ్ళినవారి సంగతి ఏమిటని అడిగినవాడు బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్మన్. చికిత్స ఫలించిందా, లేకపోతే ఎందుకు ఫలించలేదు అని ప్రతి రోగి విషయంలోనూ విచారించాలన్నాడు. శస్త్రవైద్యుల సామర్థ్యాన్ని ఫలితాలతో తూచాలన్న అతని ప్రతిపాదనను మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి అంగీకరించకపోవడంతో 1914లో అక్కడి పదవిని వదులుకున్నాడు. తన సొంత ఆసుపత్రి నుంచి 1911–1916 మధ్య ఇంటికి పంపిన 337 మంది విషయంలో జరిగిన 123 పొరపాట్లను తానే ప్రకటించాడు. అంతటి ధైర్యం ఈనాటికీ అరుదే.

1966లో అవెడిస్ డొనబెడియన్ ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చాడు. వసతులు, చికిత్సా విధానం, ఫలితం అనే మూడింటినీ కలిపి చూడాలన్నాడు. 1973లో జాన్ వెన్‌బర్గ్ బృందం అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రాన్ని పరిశీలించగా, టాన్సిల్ ఆపరేషన్లు ఒక ప్రాంతంలో పదివేల జనాభాకు 13, మరొకచోట 151 జరుగుతున్నట్లు తేలింది. ఇంతటి తేడాకు రోగమొక్కటే కారణం కాదనీ, వైద్యుల అలవాట్లకూ అందులో పాత్ర ఉందనీ అర్థమైంది.

ఇక రోగి అనుభవం మాటేమిటి? దానిని కొలిచే సాధనం వాణిజ్యశాస్త్రం నుంచి వచ్చింది. సేవను సరుకులా నిల్వ చేయలేము. అందించే క్షణంలోనే అది అనుభవమవుతుంది. కనుక ఆశించినదానికీ అందినదానికీ మధ్య ఉన్న అంతరాన్ని కొలవాలని పరశురామన్, జైథామల్, బెర్రీ భావించారు. 1988లో వారు ప్రకటించిన 'సర్వ్‌క్వాల్' వసతులు, మాట నిలకడ, సత్వర స్పందన, భరోసా, సానుభూతి అనే అయిదు అంశాలను చూస్తుంది. బ్యాంకుల వంటి సేవల అధ్యయనంతో మొదలైన ఆ కొలమానం తరువాత ఆసుపత్రులకూ వచ్చింది.

అయితే తృప్తి వేరు, స్వస్థత వేరు. ఆ రైతు కూడా డిశ్చార్జి రోజున సంతోషంగా నమస్కరించే వెళ్ళాడు. రెండింటినీ విడివిడిగా అడగవలసిందే.

మన ప్రభుత్వాసుపత్రులకు 2013లో రూపొందిన జాతీయ నాణ్యతా ప్రమాణాలలో ఫలితాలకూ స్థానం దక్కడం శుభపరిణామం. కానీ మీరు చెప్పనిదే ఫలితం మాకు తెలియదు. నయమైనా, నయం కాకపోయినా, చెప్పిన తేదీకి తిరిగి వెళ్ళి చూపించుకోండి. జబ్బు తిరగబెడితే మొహమాటపడక మొదటి వైద్యుడికీ ఆ మాట చెప్పండి. తరువాత వచ్చే రోగికి మీరు చేయగల మేలు అదే.